కొపెర్నిక్ ఇంటిపేరు ఎవరిది?

ఖగోళ శాస్త్రవేత్త నికొలాస్ కోపర్నికస్ ఇంటిపేరుకు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే వివరణ ఒక్క ముక్కలో అయిపోతుంది. తండ్రి రాగి వ్యాపారి, జర్మన్‌లో రాగిని కుప్ఫర్ అంటారు, అందుకే ఆ పేరు వచ్చిందంటారు. కాస్త లోతుగా చదివినవాళ్లు మరో కథ చెబుతారు. సైలీషియా ప్రాంతంలోని కొపెర్నికి అనే పల్లె నుంచి ఒక కుటుంబం బయలుదేరి క్రాకో నగరానికీ, అక్కడి నుంచి తోరున్‌కూ చేరిందనీ, ఆ వంశంలోనే శాస్త్రవేత్త పుట్టాడనీ అంటారు. మొదటిది నిలవదు. రెండోదానిలో ఊరి సంగతి నిజమే. 'ఒక కుటుంబం' అన్న మాట మీదే నాకు అభ్యంతరం. ఇవాళ పోలండ్‌లో చాలా అరుదైపోయిన కొపెర్నిక్ అనే ఇంటిపేరు చరిత్ర అర్థం కావాలంటే ముందు ఆ మాటను పక్కన పెట్టాలి.

పోలిష్ ఇంటిపేర్ల సాధారణ చరిత్ర చాలామంది రాసిందే, క్లుప్తంగా చెప్పుకుందాం. మొదట్లో మనిషికి ఒక్క పేరే ఉండేది. 15వ శతాబ్దం నాటికి భూములున్న ప్రభువర్గం తమ ఊరి పేరుకు 'స్కి', 'త్స్కి' చేర్చి ఇంటిపేర్లు స్థిరపరచుకుంది. పట్టణాల్లోని వర్తకులనూ చేతిపనివాళ్లనూ వృత్తిని బట్టో, తండ్రి పేరును బట్టో, వచ్చిన ఊరిని బట్టో పిలిచేవారు. 1563లో ముగిసిన ట్రెంట్ మతసభ తర్వాత చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసిపెట్టే పద్ధతి వచ్చి, రైతుల పేర్లు కూడా పుస్తకాలకెక్కాయి. గలీషియా యూదులు జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని ఆస్ట్రియా 1787లో శాసించింది. 1808లో వార్సా డచీలో నెపోలియన్ పౌరస్మృతి అమల్లోకి రావడంతో జనన మరణాల నమోదు ప్రభుత్వ వ్యవహారమైంది. కొపెర్నిక్ పేరు మాత్రం వీటన్నిటికన్నా ముందే, 14వ శతాబ్దపు పట్టణాల్లో తయారైంది.

ముందు రాగి సంగతి తేల్చుకుందాం. తండ్రి రాగి అమ్మిన మాట నిజమే. హంగేరీ రాజ్యపు కొండల్లో తవ్విన రాగి క్రాకో మీదుగా విస్తులా నదిలో పడవలెక్కి తోరున్, గ్దాన్స్క్ రేవులకు చేరేది. ఆయన రాగి వ్యాపారం ఆ దారిలోనే సాగింది. కానీ ఆయన పుట్టకముందే ఆ పేరు గలవాళ్లు క్రాకోలో ఉన్నారు. ఊరి పేరు ఇంకా పాతది, 13వ శతాబ్దపు పత్రాల్లోనే కనిపిస్తుంది. కొడుకు పేరును తండ్రి సరుకుతో ముడిపెట్టడం వెనక కాలక్రమం తెలియని తొందరే ఉంది.

ఊరికే ఆ పేరు రాగి వల్ల వచ్చి ఉండవచ్చు కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. ఊరికి దక్షిణాన ఉన్న జెసెనికీ కొండల్లో లోహపు గనులు ఉండేవి, రాగి కూడా తవ్వారు. అయితే పోలిష్‌లో రాగిని మియెజ్ అంటారు. కొపెర్ అంటే సోపు జాతికి చెందిన మొక్క, వాళ్ల వంటల్లో నిత్యం వాడే ఆకుకూర. 'నిక్' అన్న చివరి భాగం స్లావిక్ భాషలది. రాగి నుంచే పేరు పుట్టిందనాలంటే జర్మన్ ధాతువుకు స్లావిక్ ప్రత్యయం అతుక్కుందని ఒప్పుకోవాలి. రెండు భాషలూ కలిసి బతికిన నేల గనుక అది అసాధ్యమని నేననను. కానీ ఊరి పేరు మొత్తం ఒకే భాషలో సహజంగా పలుకుతుంటే రెండు భాషలను అతికించే పని దేనికి? ఆ మొక్క విరివిగా పెరిగే చోటు కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందన్న వివరణే నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఇక ఊరు. కొపెర్నికి నేటి పోలండ్‌లోని ఒపోలే ప్రాంతంలో, నిసా పట్టణానికి దగ్గర్లో ఉంది. మధ్యయుగాల్లో ఆ నేల వ్రోత్స్వాఫ్ బిషప్ చేతిలో ఉండేది. 14వ శతాబ్దంలో సైలీషియా మొత్తం బొహీమియా రాజుల కిందికి వెళ్లింది. జర్మన్ మాట్లాడే వలస రైతులూ, స్లావిక్ మాట్లాడే పాత కాపులూ పక్కపక్కనే ఉండేవారు. అలాంటి పల్లె నుంచి బతుకుతెరువు కోసం పట్నాలకు వెళ్లినవాళ్లతోనే ఈ ఇంటిపేరు మొదలవుతుంది.

ఊరిని బట్టి వచ్చే ఇంటిపేరు ఆ ఊళ్లో పుట్టదు. కొపెర్నికిలో అందరూ కొపెర్నికివాళ్లే కనుక అక్కడ ఎవరినీ అలా పిలవరు. ఊరు దాటి పట్నం చేరాక, అక్కడి గుమస్తా 'ఏ ఊరు మీది?' అని అడిగి రాసుకున్నప్పుడే అది మనిషి పేరు పక్కన చేరుతుంది. ఊరి పేర్లే ఇంటిపేర్లైన తెలుగువాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఒకే ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న రెండు కుటుంబాలకు చుట్టరికం ఉండి తీరాలని మనం అనుకోం. కోపర్నికస్ వంశవృక్షాలు గీసినవాళ్లు మాత్రం సరిగ్గా అలాగే అనుకున్నారు. వ్రోత్స్వాఫ్, నిసా, క్రాకో, తోరున్‌లలో ఈ పేరుతో ఎవరు కనిపించినా ఒకే చెట్టుకు కొమ్మలుగా వేలాడదీశారు.

ఆధారాలు చూద్దాం. క్రాకోలో ఈ పేరు 1367 నాటికే కనిపిస్తుంది. 1392 నుంచి ఆ నగరంలో పౌరహక్కు పొందినవాళ్ల పట్టిక మనకు దొరుకుతుంది. అందులో 1396లో నమోదైన నికొలాస్ కొపెర్నిక్‌ను శాస్త్రవేత్త పూర్వీకుడిగా సాధారణంగా లెక్కిస్తారు. తోరున్‌లో 1400 ప్రాంతంలోనే ఈ పేరు కనిపిస్తుంది. శాస్త్రవేత్త తండ్రి క్రాకో వదిలి తోరున్‌కు వచ్చింది 1458 ప్రాంతంలో. అంటే ఆయన అడుగుపెట్టడానికి దాదాపు అరవై ఏళ్ల ముందే అదే పేరు గల మరో మనిషి అక్కడున్నాడు. ఒకే కుటుంబం ముందు ఒకరినీ, రెండు తరాల తర్వాత ఇంకొకరినీ అదే ఊరికి పంపిందా? పంపి ఉండవచ్చు, వర్తక కుటుంబాలు బంధువుల ఆసరాతోనే ఊళ్లు మారేవి. కానీ ఆ బంధుత్వాన్ని చూపించే పత్రం కావాలి, పేరొక్కటే సరిపోదు. ఒక పల్లె నుంచి వందేళ్లలో ఎన్ని ఇళ్లవాళ్లు ఎటు వెళ్లి ఉంటారో ఆలోచిస్తే, వేర్వేరు కొపెర్నిక్‌లు వేర్వేరు పట్నాల్లో విడివిడిగా పుట్టారనడమే సహజం.

నికొలాస్, యాన్ అనే పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కదా అని వంశవృక్షం గీసినవాళ్ల వాదన. నాటి మధ్య యూరప్ పట్టణాల్లో ఆ రెండు పేర్లూ వీధికి పది. తండ్రి క్రాకో నుంచి వచ్చాడన్నది మాత్రం గట్టి సంగతే. 1454లో మొదలైన పదమూడేళ్ల యుద్ధ కాలంలో ఆయన క్రాకో వర్తకుడిగా ప్రష్యా నగరాల అప్పుల వ్యవహారాల్లో మధ్యవర్తిత్వం చేశాడు. అంతవరకూ నాకు పేచీ లేదు. దానికి ముందరి కొమ్మలన్నీ ఊహలే.

ఆ కాలంలో ఇంటిపేరు ఎంత వదులుగా ఉండేదో శాస్త్రవేత్త సొంత జీవితమే చూపిస్తుంది. 1491లో క్రాకో విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు గుమస్తా లాటిన్‌లో రాసింది 'తోరున్‌కు చెందిన నికొలాస్ కొడుకు నికొలాస్' అని. పక్కన రుసుము మొత్తం చెల్లించాడని ఉంది. ఇంటిపేరు ఊసే లేదు. 1496లో ఇటలీలోని బొలోన్యాలో జర్మన్ విద్యార్థుల సంఘం పుస్తకంలో 'తోర్న్‌కు చెందిన నికొలాస్ కొప్పెర్లింక్, 9 గ్రొసెట్టి' అని కనిపిస్తాడు. తోర్న్ అంటే తోరునే. 'లింక్' అన్న తోక జర్మన్ చెవికి సహజంగా వినిపిస్తుంది. 1503లో ఫెరారాలో న్యాయశాస్త్ర డాక్టరేట్ పట్టాలో అదే మనిషి 'ప్రష్యాకు చెందిన కొపెర్నిక్'. ఆయన పేరు కనిపించే 31 పత్రాలను పరిశీలిస్తే 23 చోట్ల 'ప'కారం రెట్టించి ఉంది. వయసు పైబడ్డాక ఒక్క 'ప'కే అలవాటు పడ్డాడు. 1543లో నూరెంబెర్గ్‌లో అచ్చైన ఆయన గ్రంథం ముఖపత్రం మీద ఒక్క 'ప'తో పడిన రూపమే ప్రపంచంలో నిలిచిపోయింది. ఆ గ్రంథాన్ని అచ్చుకు చేర్చిన శిష్యుడు రేటికుస్ కథ ఇంకా విచిత్రం. అతని తండ్రికి మరణశిక్ష పడ్డాక తండ్రి ఇంటిపేరు వాడే హక్కు కుటుంబానికి పోయింది. అతను తన పుట్టిన ప్రాంతపు ప్రాచీన నామాన్నే పేరుగా తగిలించుకున్నాడు.

ఇన్ని రూపాల్లో ఏదో ఒకటి పట్టుకుని ఆయన జాతిని తేల్చాలని 19వ శతాబ్దం చేసిన ప్రయత్నం ఇంటిపేరు చరిత్రకు చేసిన చేటు చిన్నది కాదు. 1830లో వార్సాలో శిల్పి థోర్వాల్సెన్ చెక్కిన కోపర్నికస్ విగ్రహం వెలిసింది. 1853లో ప్రష్యా పాలనలోని తోరున్‌లో మరో విగ్రహం లేచింది. 1883–84లో వెలువడిన లియోపోల్డ్ ప్రోవె జర్మన్ జీవితచరిత్ర రెండు 'ప'లను శీర్షికలోనే నిలబెట్టింది. రెండు 'ప'లు రాస్తే జర్మన్ పక్షం, ఒక్కటి రాస్తే పోలిష్ పక్షం అన్నట్టు తయారైంది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు వార్సా విగ్రహం మీద జర్మన్ ఫలకం బిగించారు. 1942 ఫిబ్రవరిలో అలెక్ దవిదోవ్‌స్కి అనే స్కౌట్ ప్రాణాలకు తెగించి దాన్ని ఊడదీశాడు. ఆ కుర్రాడి ధైర్యానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ పండితుల తగువు మాత్రం ఇరుపక్షాలా తప్పుదారే. 14వ శతాబ్దపు సైలీషియా పల్లెకు పోలండ్ రాజ్యమూ లేదు, జర్మనీ అనే దేశమూ లేదు. పట్టణాల గుమస్తాలు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. అక్షరాలు లెక్కపెట్టి జాతి తేల్చాలని చూసినవాళ్లు, ఒక్క ఊరి నుంచి ఎందరు ఎటు వెళ్లారన్న అసలు ప్రశ్నకు సమయం ఇవ్వలేదు.

పేరు ఎందుకంత అరుదైందన్నది ఆ ప్రశ్న నుంచే అర్థమవుతుంది. ఓక్ తోపును సూచించే దోంబ్రోవా అనే ఊళ్లు పోలండ్ నిండా ఉన్నాయి, అందుకే దోంబ్రోవ్‌స్కి అత్యంత సాధారణ ఇంటిపేర్లలో ఒకటి. కొత్తగా వచ్చినవాడు అనే అర్థమిచ్చే నొవాక్ ఏ ఊళ్లోనైనా పుట్టగలదు, దాన్ని మోసేవాళ్లు ఇవాళ రెండు లక్షల దాకా ఉన్నారు. కొపెర్నికి ఒక చిన్న పల్లె. అక్కడి నుంచి వచ్చినవాళ్లు భూస్వాములు కాదు కనుక పేరును తరతరాలు కట్టిపడేసే ఎస్టేటూ లేదు. పట్నపు వర్తక కుటుంబాలు ప్లేగుకో, దివాళాకో, మగ సంతానం లేకో రెండు మూడు తరాల్లో అంతరించడం ఆ రోజుల్లో మామూలే. శాస్త్రవేత్త ఇంట్లోనూ అదే జరిగింది. ఆయనా అన్న ఆండ్రూ ఇద్దరూ వార్మియా చర్చి అధికారులే. అక్క బార్బరా సన్యాసినిగా చేరింది. మరో అక్క కాథరీన్‌ను గెర్ట్నర్ అనే వర్తకుడికిచ్చి చేశారు, ఆమె పిల్లలు ఆ పేరుతోనే పెరిగారు. ఆ ఇంట్లో కొపెర్నిక్ పేరు ఆ తరంతోనే ఆగిపోయింది.

కాబట్టి నేడు ఈ పేరున్న ఎవరైనా ఆయన వారసులమని చెప్పుకోవడానికి ఆధారం లేదు. 2005లో ఫ్రోమ్‌బోర్క్ చర్చిలో దొరికిన ఎముకలు శాస్త్రవేత్తవేనా అని తేల్చడానికి డీఎన్ఏ వాడారన్న వార్త వచ్చినప్పటి నుంచి, ఆ పరీక్షతో బంధుత్వం తేల్చవచ్చని చాలామంది ఆశపడుతున్నారు. స్వీడన్‌లోని ఉప్సలాలో ఉన్న ఆయన సొంత పంచాంగంలో దొరికిన వెంట్రుకలతో పంటి డీఎన్ఏ సరిపోలిందన్నది నిజమే. సరిపోలింది మైటోకాండ్రియా డీఎన్ఏ. అది తల్లి బార్బరా వాట్సెన్‌రోడె వైపు నుంచి వచ్చింది. తండ్రి నుంచి వచ్చిన ఇంటిపేరు గురించి అది ఒక్క మాటా చెప్పదు. ఈ తేడా చెప్పకుండా వంశవృక్షాలూ కులచిహ్నాలూ అమ్మేవాళ్లు జనాన్ని మోసం చేస్తున్నారనే అంటాను.

ప్రభుత్వ జనాభా పట్టీల నుంచి తీసిన ఇంటిపేర్ల పటాలు కూడా జాగ్రత్తగా చదవాలి. కజిమియెష్ రిముత్ 1990 నాటి పట్టీ ఆధారంగా 1992–94లో వెలువరించిన నిఘంటువు, ఏ ప్రాంతంలో ఏ పేరు ఎందరికుందో అక్షరక్రమంలో చెప్పింది. అంత ఓపికైన పని అరుదు, దాని మీద నాకెంతో గౌరవం. కానీ ఆ అంకెలను మధ్యయుగపు ఊళ్లతో నేరుగా కలపకూడదు. 1945 తర్వాత సైలీషియా జర్మన్లలో చాలామంది వెళ్లగొట్టబడ్డారు, కొపెర్నికితో సహా ఆ ఊళ్లలోకి వచ్చినవాళ్లలో తూర్పు సరిహద్దుల నుంచి కదిలించబడినవాళ్లు ఎందరో. ఇవాళ ఒపోలే దగ్గర ఒక కొపెర్నిక్ కనిపిస్తే అతని పూర్వీకులు ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉన్నారనడానికి వీల్లేదు. జర్మన్ పట్టీల్లో రెండు 'ప'లతో మిగిలిన రూపాలనూ, కొపెర్నిత్స్కి వంటి దగ్గరి రూపాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప లెక్క పూర్తి కాదు. అవన్నీ ఒకటే కుటుంబమని ముందే అనుకుని కలిపేసినా తప్పే. చేయాల్సింది క్రాకో, వ్రోత్స్వాఫ్, నిసా, తోరున్ పుస్తకాల్లోని ప్రతి కొపెర్నిక్‌నూ ఏ చెట్టుకూ వేలాడదీయకుండా, ఏ ఏడు, ఏ పట్నం, ఏ వృత్తి, ఎవరు హామీ ఇచ్చారన్న వివరాలతో విడివిడిగా రాసుకోవడం. ఆ పని పూర్తయ్యేవరకు ఏ వంశవృక్షాన్నీ నేను నమ్మను.