కెమెరాకంటిన చుట్టపొగ

పాత కెమెరాలు కొనే అలవాటున్న మిత్రులకు ఇది తెలిసిన సంగతే. తోలు సంచి గుండీ విప్పగానే పొగాకు వాసన గుప్పుమంటుంది. షట్టరు సరిగానే పడుతుంది, కటకం మీద గీతలేమీ ఉండవు. అయినా కంటికి ఆనించుకోవడానికి మనసొప్పదు. పాత యజమాని అలవాటు అనుకుని సరిపెట్టుకుంటాం. కానీ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన కెమెరా అయితే ఆ వాసన ఒక మనిషి అలవాటుతో ఆగదు. పరాయి దేశాల నుంచి వచ్చిన రెండు వస్తువులు, పొగాకూ కెమెరా, మన నేల మీద కలుసుకున్న కథ అది.

మొదట వచ్చినది పొగాకు. పోర్చుగీసు ఓడలతో పాటు మన తీరాలకు చేరింది. 1617 నాటికే జహంగీరు చక్రవర్తి దానిని నిషేధించవలసి వచ్చిందంటే ఎంత వేగంగా పాకిందో ఊహించవచ్చు. నిషేధం నిలవలేదు, పొగాకు నిలిచింది. గోదావరి లంకల్లో పండిన ఆకు చుట్టలై తెలుగు దేశమంతా తిరిగింది. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలలో చుట్టను మండే కొన నోటిలోపల ఉంచి పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు, అందునా స్త్రీలలో, తరతరాలు సాగింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలికి కలిగే హానిని వివరించిన వైద్య పరిశోధన 1971లో వెలువడింది. నేటి అనకాపల్లి జిల్లాలోని బుచ్చయ్యపేట, వడ్డాది, చోడవరం పల్లెలు 2022 దాకా విశాఖ జిల్లాలోనివే. అక్కడ చెరకు గానుగల పొగ ఎంత సహజమో చుట్టపొగ కూడా అంతే సహజంగా ఉండేది.

కెమెరా వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో. చుట్ట, ఫొటో రెండూ ఒకే చోట కనబడే తెలుగు రచన మనందరికీ తెలిసినదే. ఇదే అనకాపల్లి జిల్లా రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలో, మధురవాణితో కలిసి తీయించుకున్న ఫొటోగ్రాఫు తాలూకు బాకీ అడగడానికి ఫొటోగ్రాఫు పంతులు గారి నౌకరు గిరీశం దగ్గరకు వస్తాడు. ఆ గిరీశమే శిష్యుడికి చుట్ట కాల్చడం నేర్పిన గురువు కూడా. కొత్త నాగరికతకు గుర్తులుగా అప్పటి విజయనగరం యువకుడి జేబులో చుట్ట, గోడ మీద ఫొటో ఉండేవన్నమాట. రెండింటికీ అప్పు చేయవలసిందే!

తరువాతి శతాబ్దంలో ఫొటో పల్లెలకు దగ్గరయింది, కెమెరా మాత్రం ఖరీదైన వస్తువుగానే మిగిలింది. 1960లో ఊటీలో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము, దేశంలోనే తయారైన అగ్ఫా క్లిక్ త్రీ కొంత లోటు తీర్చాయి. స్టూడియో నడపదగిన జపాను కెమెరా కావాలంటే 1991కి ముందు దిగుమతి ఆంక్షలు అడ్డం. అందుచేత కెమెరా ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి, గురువు నుంచి శిష్యుడికి మారుతూ వచ్చింది. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులు ప్రవేశపెట్టాక, పెళ్ళికి తప్ప ఫొటో ఎరుగని ముఖాలు కూడా కెమెరా ముందు కూర్చున్నాయి. వెలుతురు చొరకుండా నల్లగుడ్డలు కట్టిన స్టూడియోలో గాలి కూడా చొరబడదు. అక్కడ పొగతాగే వ్యక్తి ఉంటే కెమెరా కూడా అతనితో పాటు ఏళ్ళ తరబడి ఆ పొగ పీల్చినట్టే.

‘పీల్చడం’ అన్నది ఇక్కడ అలంకారం కాదు. వాసన పదార్థమే. పొగలోని రేణువులు మైక్రానుకన్నా చిన్నవి. కటకాన్ని ముందుకూ వెనుకకూ జరిపినప్పుడల్లా బయటి గాలి లోపలికి పోతుంది, దానితో అవీ పోతాయి. సిగరెట్టు పొగ కంటే చుట్టపొగలో క్షారగుణం ఎక్కువ. క్షారగుణం ఉన్న పొగలో నికోటిన్ సులువుగా ఆవిరై, దొరికిన చోటల్లా అంటుకుంటుంది. తోలు, గుడ్డ పట్టీ, వెలుతురును ఆపడానికి పెట్టిన స్పంజి దానిని దాచుకుంటాయి; తేమ పెరిగిన వానాకాలంలో మళ్ళీ వదులుతాయి. కటకం మీద అది పల్చని గోధుమరంగు పొర అవుతుంది. ఆ పొర కాంతిని చెదరగొట్టడం వల్ల ఫొటోలో నలుపు నలుపుగా ఉండదు, అంతా మసకబారుతుంది. పైగా ఇది ముక్కుకు మాత్రమే సంబంధించిన ఇబ్బంది కాదు. వస్తువుల మీద పేరుకున్న నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సరు కలిగించగల నైట్రోసమీన్లుగా మారుతుందని 2010లో అమెరికాలోని బర్క్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు చూపారు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ సంగతి మరచిపోకూడదు.

మన ఇళ్ళలో వాడుకలో ఉన్న చిట్కాలు చాలావరకు హాని చేసేవే. అగరుబత్తి, సాంబ్రాణి పాత పొగ మీద కొత్త పొగ పూయడమే. కలరా ఉండలు ఇంకో ఆవిరిని చేరుస్తాయి. మండుటెండలో పెడితే తోలు బిగుసుకుపోతుంది, లోపలి గ్రీజు కరిగి జారుతుంది. ఓజోన్ యంత్రం వాసనను చంపవచ్చు కానీ రబ్బరును పగులగొడుతుంది.

చేయవలసిన పని నిదానమైనది. మొదట సంచినీ పట్టీనీ కెమెరా నుంచి వేరు చేయాలి. వాసనలో పెద్ద వాటా వాటిదే. స్పంజి పట్టీలు మార్పించుకోవాలి, అవి ఎలాగూ ఏళ్ళకు పొడి అయిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా అద్దిన మెత్తని గుడ్డతో లోహభాగాలు తుడవాలి. కటకం మీది దుమ్మును ముందు ఊది, ఆ తరువాతే కటకాల కాగితంతో తేలికగా తుడవాలి. ద్రవం నేరుగా పోయకూడదు. ఆపైన మూత బిగిసే డబ్బాలో ఉత్తేజిత బొగ్గుతో కొన్ని వారాలు ఉంచాలి. సిలికా జెల్ తేమను, దానితో వచ్చే బూజును ఆపుతుందే తప్ప వాసనను తీయదు. లోపలి కటకాలు మసకబారితే నిపుణుడికి అప్పగించడమే మేలు.

శుభ్రం చేయడానికి ముందు ఒక్క పని మాత్రం తప్పక చేయవలసి ఉంది. ఆ కెమెరా ఏ ఊరి స్టూడియోది, ఏ ఏళ్ళలో పనిచేసింది, దానితో తీసిన నెగెటివ్‌లు ఎవరి దగ్గరున్నాయి అని అడిగి రాసుకోవాలి. మన పల్లెల ముఖాలకు వేరే చరిత్రకారులు లేరు. ఉన్నదల్లా ఆ చీకటిగదుల్లో పనిచేసిన మనుషులు, వారి కెమెరాలు. కంపు కొడుతోందని కెమెరాను తూకానికి వేస్తే ఆ వివరం కూడా దానితో పోతుంది. పొగను వదిలించుకోవచ్చు, వదిలించుకోవాలి కూడా. ఆ పొగలో కూర్చుని మన తాతముత్తాతల ఫొటోలు తీసినవారి పేర్లు మాత్రం పోకూడదు.

మీ ఊరి తొలి స్టూడియో ఎవరిదో, ఆ కెమెరా ఇప్పుడెక్కడుందో తెలిసిన మిత్రులు తెలియజేయగలరు.