లేని యంత్రానికి రాసిన కోడ్

విశ్వవిద్యాలయాల్లో జరిగే సాఫ్ట్‌వేర్ పరిశోధన కంపెనీల గడప దాటి లోపలికి రాదని మా వృత్తిలో తరచూ వినబడే మాట. వచ్చిన సందర్భాల్లో నాకు బాగా నచ్చింది పాస్కల్ కథ. అందులో నోరి అనే ఇంటిపేరు కనబడటం ఇంకో కారణం అనుకోండి.

1970లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో నిక్లాస్ విర్త్ పాస్కల్ భాషను ప్రకటించాడు. కంపైలరేమో అక్కడి సీడీసీ యంత్రం కోసం రాసింది. వేరేచోట కావాలంటే మళ్ళీ మొదట్నించీ రాసుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? విర్త్ బృందం ఒక ఉపాయం చేసింది. కాగితం మీద తప్ప ఎక్కడా లేని ఒక చిన్న యంత్రాన్ని ఊహించుకుని, కంపైలర్ దానికే కోడ్ ఇచ్చేలా చేశారు. కంపైలర్ కూడా పాస్కల్‌లోనే రాశారు కాబట్టి అదీ ఆ కోడ్‌గానే బయటికి వస్తుంది. అందుకున్నవాళ్ళు ఆ ఉత్తుత్తి యంత్రాన్ని అనుకరించే చిన్న ఇంటర్‌ప్రెటర్ ఒకటి రాసుకుంటే చాలు. ఈ పాస్కల్-పి కంపైలర్ గురించి వివరంగా రాసిన అయిదుగురిలో మొదటి పేరు కేశవ్ నోరిది.

మా బత్తలపల్లి పక్కన ధర్మవరంలో పట్టుచీరలు నేసే జకార్డు మగ్గాలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. డిజైన్ గీసేది ఒకరు, అట్టలకి చిల్లులు కొట్టేది ఇంకొకరు. నేసే మనిషికి బొమ్మ గీయడం రానక్కర్లేదు.

శాన్ డియేగోలో కెనెత్ బౌల్స్, ఆయన విద్యార్థులు ఆ మూటను విప్పి చిన్న కంప్యూటర్లకి సర్దారు. 1979కల్లా అది ఆపిల్ కంప్యూటర్ల మీద అమ్మకానికి వచ్చింది. 1995లో జావా వచ్చిందీ ఈ దారినే.

ఐఐటీ కాన్పూర్‌లో పాఠాలు చెప్పిన నోరి, తర్వాత పుణెలో టాటాల పరిశోధన కేంద్రం టీఆర్‌డీడీసీకి వెళ్ళారు. 1981లో పెట్టిన ఆ కేంద్రం పరిశోధన అంతా టీసీఎస్ గడప పక్కనే. అప్లికేషన్‌కి ఒక నమూనా గీస్తే దాన్నుంచి కోడ్ పుట్టించే పని అక్కడ జరిగింది. మాస్టర్‌క్రాఫ్ట్ పనిముట్లు అందులోంచే వచ్చాయి. వినయ్ కులకర్ణి, శ్రీధర్ రెడ్డి 2003లో ఈ పద్ధతి మీద వ్యాసం రాశారు కూడా.

అయినా పాస్కల్-పి పాకినంత సులువుగా నమూనాల పద్ధతి మా బోటివాళ్ళ బల్లల దాకా రాలేదు. నాకు తోచే కారణం ఒకటే: మొదటిది అందుకున్నవాళ్ళని అడిగింది ఒక చిన్న ప్రోగ్రాం. రెండోది అడిగింది పనిచేసే తీరు మొత్తం మార్చుకోమని. డెడ్‌లైన్ మెడ మీదున్న మేనేజరు ఈ రెండింట్లో దేనికి ఒప్పుకుంటాడో వేరే చెప్పాలా?