ఆమ్లం తగ్గించే మందులు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో వాడుక, జాగ్రత్తలు

జఠరంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విరిచే మందులు, అసలు ఊరకుండానే తగ్గించే మందులు అని ఇవి రెండు రకాలు. గుండెల్లో మంట, పులితేన్పులు, జఠరంలోనో చిన్నపేగు మొదట్లోనో పడే పుండ్లు వీటితో తగ్గుతాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో వీటన్నిటికీ ‘గ్యాస్ మాత్ర’ అనే పేరు. మెడికల్ షాపులో జనం నోటితో అడిగి తెచ్చుకునే మందుల్లో ఇదొకటి. సరిగ్గా వాడితే ఇవి ఎంతో మేలు చేసే మందులు. ఎందుకు వాడుతున్నామో, ఎన్నాళ్లు వాడాలో తెలియకుండా ఏళ్ల తరబడి మింగడంతోనే చిక్కు.

దక్షిణాదిలో పేగుపుండ్లు ఎక్కువన్నది పాత పరిశీలన. రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా 1960లలో రైల్వే ఉద్యోగులను పరిశీలించి, ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఈ జబ్బు ఎక్కువగా ఉందని రాశారు. అంతకుముందు నుంచీ మైసూరు హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన సర్జన్ ఫ్రాంక్ టోవీ, పాలిష్ బియ్యం తినే చోట్ల పుండ్లు ఎక్కువనీ, పొట్టు తీయని గోధుమ, చిరుధాన్యాలు తినే చోట్ల తక్కువనీ వాదించారు. రాగిసంగటి తినే ఈ సీమవాసులకు ఆ మాట ఇష్టంగానే వినిపిస్తుంది. అయితే సంగటి పుండును మాన్పదు. అలాగే హిందూపురం మార్కెట్‌కు రాశులుగా వచ్చే ఎండుమిర్చి, చింతపండు కూడా పుండు పుట్టించవు. ఉన్న మంటను కొందరిలో రేపుతాయి, అంతే.

పుండుకు అసలు కారణాలు ప్రధానంగా రెండు. మొదటిది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దీన్ని పట్టుకున్నారు. ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదన్న నమ్మకం బలంగా ఉండటంతో, మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్రిమి ఉన్నవారికి ఒట్టి గ్యాస్ మాత్ర చాలదు. దానితోపాటు రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు సాధారణంగా 14 రోజులు ఒక్క పూట తప్పకుండా వాడాలి. మధ్యలో మానేస్తే క్రిమి మొండికెత్తుతుంది. కోర్సు అయిన కనీసం 4 వారాలకు పరీక్ష చేయించి క్రిమి పోయిందని తేల్చుకోవాలి. ఆ పరీక్షకు 2 వారాల ముందు నుంచి ఒమెప్రజోల్ జాతి గ్యాస్ మాత్రలు ఆపకపోతే, క్రిమి ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు.

రెండో కారణం నొప్పి మాత్రలు. ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీర నేసేవారు కాళ్లు గుంతలో పెట్టి, నడుము వంచి గంటల తరబడి కూర్చుంటారు. నడుము, మోకాళ్లు, భుజాలు పట్టేస్తాయి. సాయంత్రానికి డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో వేసుకుని, కడుపు మండితే దాని మీద ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటారు. నొప్పి మాత్ర జఠరం లోపలి రక్షణ పొరను దెబ్బతీస్తుంది. కాబట్టి ముందు తగ్గించుకోవలసింది నొప్పి మాత్రనే. తప్పనిసరిగా వాడవలసివస్తే, ముఖ్యంగా 60 దాటినవారికీ, గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేవారికీ, వెనుక పుండు పడినవారికీ, డాక్టరే రక్షణగా ఆమ్లం తగ్గించే మాత్ర రాస్తారు. అది దీర్ఘకాలం వాడటం తప్పు కాదు.

మందుల్లో పాతవి యాంటాసిడ్‌లు, అంటే గులాబీ రంగు సిరప్‌లు, చప్పరించే బిళ్లలు, నీళ్లలో పొంగే పొడులు. నిమిషాల్లో ఉపశమనం ఇస్తాయి, ఆ ప్రభావం ఎక్కువసేపు ఉండదు. బీపీ ఉన్నవారు సోడా పొడులు, వంటసోడా అదేపనిగా తాగకూడదు, వాటిలో సోడియం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవారు మెగ్నీషియం, అల్యూమినియం ఉన్నవి డాక్టరును అడగకుండా ముట్టకూడదు. రెండో తరం రానిటిడిన్, ఫామోటిడిన్. ఈ తరగతికి దారి వేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. నైట్రోసమైన్ మలినం కారణంగా 2020లో అమెరికాలో రానిటిడిన్‌ను వెనక్కి రప్పించారు. మన దేశం 2022లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితా నుంచి తీసేసింది.

ఇప్పుడు అందరూ వాడేది మూడో తరం: ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్. జఠరం గోడలోని ఆమ్లపు పంపులు అన్నం తినగానే పనిలో దిగుతాయి, మందు ఆ పని చేస్తున్న పంపులనే మూసేస్తుంది. అందుకే తినడానికి 30 నిమిషాల నుంచి గంట ముందు వేసుకోవాలి. ఏమీ తినకుండా పడుకునే ముందు వేసుకుంటే ఫలం తగ్గుతుంది. దీని పూర్తి బలం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కనుక మంట వచ్చిన క్షణంలో మింగి వెంటనే తగ్గాలనుకోవడం కుదరదు. పైపూత చెడితే జఠరంలోనే నశిస్తుంది కాబట్టి మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. షాపులో రెండే మాత్రలు కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న ముక్క ఒక్కోసారి అక్కడే మిగిలిపోతుంది. తేదీ చూపించమని అడిగి తీసుకోవాలి. పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా కొనకూడదని అర్థం.

గుండెల్లో మంటకు మామూలుగా 4 నుంచి 8 వారాలు వాడితే చాలు. చాలా ఏళ్లు వాడేవారిలో బి12, మెగ్నీషియం తగ్గడం, ఎముకలు బలహీనపడటం, పేగు ఇన్ఫెక్షన్లు, అరుదుగా కిడ్నీ వాపు కనిపించాయి. వీటిలో కొన్నిటికి ఇదే కారణమని పూర్తిగా రుజువు కాలేదు. గుండెకు స్టెంటు వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వేసుకోకూడదు, క్లోపిడోగ్రెల్ బలం తగ్గిపోతుంది. థైరాయిడ్, ఐరన్ మాత్రలు ఒంటబట్టడంలోనూ తేడా వస్తుంది, కాబట్టి వాడేవన్నీ డాక్టరుకు చెప్పాలి.

పేరు చివర ‘డి’ అని ఉండే క్యాప్సూళ్లలో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. గుండె లయ తప్పే ప్రమాదం దృష్ట్యా ఐరోపా మందుల సంస్థ 2014లో దీన్ని వాంతులు, వికారానికే పరిమితం చేసి, వారం మించి వాడవద్దంది. ఇక్కడ మాత్రం మంటకు నెలల తరబడి అదే వాడేవారున్నారు. ఇది మానుకోవలసిన అలవాటు.

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఈ ప్రాంతంలో షిఫ్టు ఉద్యోగాలు పెరిగాయి. వేళగాని వేళ తిని వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. తిన్నాక కనీసం రెండు మూడు గంటలు ఆగి పడుకోవడం, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, బీడీ, సిగరెట్, సారా మానడం, బొజ్జ తగ్గించడం మందుతోపాటు పనికొస్తాయి.

నల్లగా తారులా విరేచనం, రక్తం వాంతి, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఉన్నట్టుండి కడుపు చెక్కలా గట్టిపడేంత నొప్పి — వీటిలో ఏది కనిపించినా గ్యాస్ మాత్రతో గడపకూడదు, ఎండోస్కోపీ సదుపాయమున్న ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ మధ్యలో బరువు, చెమట, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని గంటలు పోగొట్టుకోవద్దు. 108కు ఫోన్ చేసి దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ముందు ఈసీజీ తీయించాలి. పుట్టపర్తిలో 1991 నుంచి గుండె శస్త్రచికిత్సలు చేస్తున్న పెద్దాసుపత్రి ఉన్నా, మొదటి గంట దగ్గరలో ఉన్న ఆసుపత్రిదే.

నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ముందుకంటే ఎక్కువగా ఊరి మంట తిరగబడుతుంది. ‘ఇది లేకపోతే బతకలేను’ అనిపించేది అందుకే. మోతాదు సగానికి తగ్గించి, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుంటూ, మధ్యలో మంట వస్తే యాంటాసిడ్‌తో సర్దుకుంటే కొన్ని వారాల్లో చాలామంది మానగలుగుతారు. లోగడ పుండు నుంచి రక్తం పోయినవారు, ఆస్పిరిన్ మీద ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.