శంకరాభరణం (చలనచిత్రం)

కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1980 ఫిబ్రవరి 2న విడుదలైన తెలుగు చిత్రం. దీన్ని నిర్మించిన ఏడిద నాగేశ్వరరావు కోనసీమలోని కొత్తపేటలో పుట్టారు.  శంకరాభరణాన్ని పాటల సినిమాగానే లెక్కగట్టడం మనకు అలవాటు. కె.వి. మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాంలకు జాతీయ పురస్కారాలు వచ్చాయి కనుక ఆ మాటకు బలమూ ఉంది. కానీ 1981లో ఫ్రాన్సులోని బెజాన్సాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి దీనికే దక్కింది. తెలుగు గానీ కర్ణాటక సంగీతం గానీ తెలియనివారిని పాట ఒక్కటే కట్టిపడేసిందనడం కష్టం. చివరి కచేరీ చూడండి: దగ్గు కమ్ముకొచ్చి, కథానాయకుడైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి గొంతు ఆగిపోతుంది, పక్కనుంచి ఆయన శిష్యుడైన కుర్రవాడు అదే పాట అందుకుంటాడు. ఆ క్షణంలో గురువు ముఖం చెప్పేదానికి అనువాదం అక్కర్లేదు.

వీడియో క్యాసెట్టు, డిస్కు ఈ సినిమాను ఇంటికి తెచ్చాయి. పాట వినిపిస్తే చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. బాలు మహేంద్ర ఛాయాగ్రహణంలోని వెలుగునీడలు అరిగిన టేపులో, చిన్న తెర మీద పలచబడిపోతాయి. అందుకే 2022లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో పునరుద్ధరించిన ప్రతిని ప్రదర్శించడం ఎంతో విలువైన పని.