అమరికలు మరిచిపోయే కంప్యూటర్: ఈసీఐఎల్ నాటి స్విచ్‌ల నుంచి ఇంటి స్టోరేజ్ సర్వర్ దాకా

స్విచ్ వేయగానే కంప్యూటర్‌కు కొన్ని సంగతులు తెలియాలి. ఏ డిస్కు నుంచి మొదలవ్వాలి, డిస్కులను ఏ పద్ధతిలో చదవాలి, ఇప్పుడు తేదీ ఎంత, టైమెంత. ఈ కాస్త సమాచారాన్ని కరెంటు లేనప్పుడు ఎక్కడ దాచాలన్న సమస్య యాభై ఏళ్లకు పైబడినది. అది పరిష్కారమవుతూ వచ్చిన తీరులో తొలి ఘట్టానికి సికింద్రాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్‌తో సంబంధం ఉంది.

ఈ ప్రాంతానికి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు (1914–2003) బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లోనూ చదువుకుని హోమీ భాభా బృందంలో చేరారు. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపించారు. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఆయన చేతుల మీదుగా నిలబడిన సంస్థే. కుషాయిగూడ, కమలానగర్, ఏ.ఎస్. రావు నగర్ ప్రాంతాలు ఈ సంస్థను అంటిపెట్టుకుని పెరిగినవే. నేటికీ అక్కడి కూడలిని అందరూ ఈసీఐఎల్ చౌరస్తా అనే పిలుస్తారు.

ట్రాంబేలో 1969లో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను ఈసీఐఎల్ ఉత్పత్తి చేసింది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 వచ్చాయి. టీడీసీ తరం మినీ కంప్యూటర్లలో, స్విచ్ వేయగానే యంత్రాన్ని లేపే బయోస్ అనే ప్రోగ్రాం లేదు. ముందు పలక మీద వరసగా స్విచ్‌లుండేవి. ఒక్కో స్విచ్ ఒక్కో బిట్. ఆపరేటర్ వాటిని పైకీ కిందికీ వేసి, మొదటి కొన్ని ఆదేశాలను ఒక్కొక్కటిగా మెమరీలోకి ఎక్కించేవాడు. ఆ చిన్న ప్రోగ్రాం కాగితపు టేపు నుంచి పెద్ద ప్రోగ్రాంను లోపలికి లాగేది. అప్పటి మెమరీ సన్నని ఫెరైట్ ఉంగరాలతో అల్లినది. అయస్కాంత దిశే అందులో సమాచారం కాబట్టి, కరెంటు పోయినా చెరిగిపోదు. మరిచిపోవడమనే జబ్బు ఆ యంత్రాలకు దాదాపు లేదు. తర్వాత చవకగా వచ్చిన సెమీకండక్టర్ మెమరీ ఆ గుణాన్ని పోగొట్టింది.

1981 నాటి ఐబీఎం పీసీ కూడా అమరికల కోసం స్విచ్‌లనే నమ్ముకుంది. మదర్‌బోర్డు మీది బుల్లి డిప్ స్విచ్‌లతో ఎంత మెమరీ ఉందో, ఎన్ని ఫ్లాపీ డ్రైవులున్నాయో చెప్పాలి. గడియారం లేదు. డాస్ మొదలైనప్పుడల్లా తేదీ, సమయం అడిగేది. అసలు మలుపు 1984లో పీసీ ఏటీతో వచ్చింది. అందులో మోటరోలా తయారు చేసిన ఎంసీ146818 చిప్‌ను వాడారు. మొత్తం 64 బైట్లు. అందులో 14 గడియారానికీ దాని నియంత్రణకూ పోగా, మిగిలిన 50 అమరికలకు. పొదుపు ఎంతటిదంటే, ఒకే బైటులో పై నాలుగు బిట్లు మొదటి ఫ్లాపీ రకాన్ని, కింది నాలుగు రెండోదాన్ని చెప్పేవి. అమరికల బైట్లను కూడగా వచ్చిన చెక్‌సమ్‌ను మరో రెండు బైట్లలో ఉంచేవారు. లెక్క సరిపోకపోతే లోపలి సమాచారం చెడిందని అర్థం. సీమాస్ చెక్‌సమ్ తప్పిందన్న హెచ్చరికకు మూలం అదే. అతి తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ పద్ధతిలో చేసిన చిప్ కాబట్టి, చిన్న బ్యాటరీ మీద ఏళ్ల తరబడి బతికేది.

బ్యాటరీల కథ అంత సాఫీగా సాగలేదు. 386, 486 బోర్డుల మీద అతికించిన నికెల్-కాడ్మియం బ్యాటరీలు కొన్నాళ్లకు కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేశాయి. ఆనాటి బోర్డులు ఎన్నో దీనివల్లే పాడయ్యాయి. తర్వాత డల్లాస్ అనే చిప్‌ల సంస్థ బ్యాటరీని చిప్‌లోనే మూసి అమ్మింది. అది అయిపోతే మొత్తం చిప్‌నే మార్చాలి. చివరికి స్థిరపడింది సీఆర్ 2032 అనే నాణెం ఆకారపు లిథియం సెల్. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. ఎవరైనా వేలితో తీసి మార్చుకోగలిగేలా సాకెట్‌లో పెట్టడమే అన్నిటికన్నా తెలివైన పని.

పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చాక అమరికలు ఎక్కువగా ఫ్లాష్ చిప్‌లోకి మారాయి. ఫ్లాష్‌కు బ్యాటరీ అక్కర్లేదు. అయినా సెల్ అయిపోతే చాలా బోర్డుల్లో అమరికలు పోతూనే ఉంటాయి. గడియారానికి బ్యాటరీ అందలేదని గమనించగానే ఫర్మ్‌వేర్ దాన్ని అమరికలు చెరపమన్న సంకేతంగా తీసుకుని, ఫ్యాక్టరీ విలువలు వేసేస్తుంది. అమరికలు చెరపడానికి బోర్డు మీద ఉండే సీమాస్ క్లియర్ జంపర్ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. కరెంటుతో పని లేని జ్ఞాపకానికి మళ్లీ ఈసీఐఎల్ నుంచే మరో ఉదాహరణ ఉంది. ఆ సంస్థ 1979లో నమూనా చేసిన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. కానీ బ్యాటరీ తీసేసినా అందులో ఫలితం పదేళ్లకు పైగా చెక్కుచెదరదని ఎన్నికల సంఘం చెబుతుంది.

ఇంట్లో పాత బోర్డుకు నాలుగైదు హార్డ్ డిస్కులు తగిలించి స్టోరేజ్ సర్వర్ కట్టుకునే అలవాటు, 2005లో ఫ్రీనాస్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక బాగా పెరిగింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికే సామానుతోనే ఇది అయిపోతుంది. ఇలాంటి సర్వర్ అమరికలు మరిచిపోతే నష్టం మామూలు పీసీకన్నా ఎక్కువ. దానికి మానిటర్, కీబోర్డు ఉండవు కాబట్టి సంగతి వెంటనే తెలియదు. బూట్ వరస మారితే ఖాళీ డిస్కు నుంచి లేవడానికి చూస్తుంది. డిస్కులను చదివే ఏహెచ్‌సీఐ పద్ధతి కాస్తా రైడ్‌కు మారితే డిస్కులు కనపడకపోవచ్చు. కరెంటు వచ్చాక దానంతటదే లేవాలన్న అమరిక పోతే, కోత తర్వాత అలాగే పడి ఉంటుంది. గడియారం వెనక్కి పోతే సర్టిఫికెట్లు చెల్లవు, స్నాప్‌షాట్‌ల తేదీలు గందరగోళమవుతాయి.

కారణం పట్టుకోవడానికి మొదట చూడాల్సింది గడియారాన్ని. అమరికలతోపాటు తేదీ కూడా ఎన్నో ఏళ్లు వెనక్కి పోతే తప్పు సెల్‌దీ, దాని సాకెట్‌దీ, లేదా తప్పు పిన్నుల మీద ఉండిపోయిన జంపర్‌దీ. తేదీ సరిగ్గా ఉండి అమరికలు మాత్రమే పోతే సెల్‌ను నిందించి లాభం లేదు. మెమరీ వేగం పెంచినప్పుడు బోర్డు కొన్నిసార్లు లేవలేక, తనంత తానే సురక్షిత విలువలకు వెళ్లిపోతుంది. అప్పుడు వేగం తగ్గించి, మెమరీ పరీక్షించి, ఫర్మ్‌వేర్ కొత్తదా అని చూడాలి.

సెల్ తప్పిదం చాలా ఇళ్లలో ఆలస్యంగా బయటపడుతుంది. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్, కంప్యూటర్ ఆపేసినా గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం 5 వోల్టుల స్టాండ్‌బై ఇస్తూనే ఉంటుంది, గడియారం దాని మీదే నడుస్తుంది. సెల్ ఎప్పుడో చచ్చిపోయినా ఎవరికీ తెలియదు. ఒకరోజు గంటల తరబడి కరెంటు పోయాకో, ఊరెళ్తూ గోడ స్విచ్ ఆపి వెళ్లాకో బయటపడుతుంది. ప్లగ్ పెట్టకుండా ఉంచితే సెల్ సుమారు మూడేళ్లు వస్తుందని ఇంటెల్ తన మదర్‌బోర్డు పుస్తకాల్లో రాసింది. మల్టీమీటర్‌తో చూస్తే కొత్త సెల్ 3 వోల్టులకు కాస్త పైన చూపుతుంది. బాగా తగ్గితే మార్చడమే మేలు.

మార్చేటప్పుడు ప్లగ్ తీసి, ప్లస్ గుర్తున్న వైపు పైకి పెట్టాలి. అంతకుముందే బయోస్‌లోని ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసి, ఆ సర్వర్‌లో కాకుండా వేరే చోట భద్రపరచాలి.