గోడల నుంచి గడప దాకా: పల్లె యువత మానసిక ఆరోగ్యం ఎవరి బాధ్యత?

జ్వరం వస్తే పల్లెలోని కుర్రవాడు ఎక్కడికి వెళ్లాలో మనందరికీ తెలుసు. దగ్గర్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆపైన జిల్లా ఆస్పత్రి ఉన్నాయి. అదే కుర్రవాడికి నెలల తరబడి నిద్ర పట్టకపోతే, ఎవరూ లేకపోయినా తనను తిడుతున్నట్టు మాటలు వినిపిస్తే ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు మన ప్రభుత్వాలు కాలాన్ని బట్టి వేర్వేరు సమాధానాలు చెప్పాయి. ఆ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

గోడల కాలం

బ్రిటిష్ పాలనలో వచ్చిన 1858 నాటి చట్టాలు, 1912 నాటి ఉన్మాద చట్టం మానసిక రోగిని ముందుగా మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాయి. వైద్యం కన్నా నిర్బంధానిదే పైచేయి. 1946లో భోర్ కమిటీ లెక్క చూసేసరికి దేశంలో సుమారు 40,000 జనాభాకు ఒక్క పడక ఉంది. పల్లెవాసికి ఆ పడక అందని ద్రాక్షే.

పల్లెకు దారి

1975 ప్రాంతంలో రెండు ప్రయోగాలు జరిగాయి. చండీగఢ్ వైద్య సంస్థ హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్ సకలవారలోనూ పనిచేశాయి. కొద్దిపాటి శిక్షణ ఇస్తే ప్రాథమిక కేంద్రాల డాక్టర్లు, ఆరోగ్య కార్యకర్తలు చాలా మానసిక వ్యాధులను గుర్తించగలరని తేలింది. ఆ అనుభవంతోనే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. అయితే దానికి తగిన నిధులు లేవు. ఒక జిల్లా మొత్తంలో దీన్ని ఎలా నడపాలో 1980ల మధ్యలో కర్ణాటకలోని బళ్లారిలో పరీక్షించారు.

ఇక్కడ మన జిల్లా ఒకటి చరిత్రకెక్కింది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో ప్రారంభించారు. అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి, ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్. డబ్బు కేంద్రానిది, అమలు రాష్ట్రానిది. కేంద్ర నిధుల గడువు తీరాక భారం రాష్ట్రం తలకెత్తుకోవాలి. చిక్కు అక్కడే వచ్చింది. దేశంలో అనేక జిల్లాల్లో నిపుణుల పోస్టులు ఖాళీగా ఉండిపోయాయి, నిధులు ఆలస్యమయ్యాయి. పథకం కాగితం మీద ఉన్నా, జవాబు చెప్పేవారు కనబడలేదు.

ఆ లోటు ఎంత ప్రాణాంతకమో 2001 ఆగస్టు 6న తెలిసింది. తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో మరణించారు. సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది.

యువత ఎక్కడ?

మానసిక వ్యాధుల్లో దాదాపు సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాని తొలి కార్యక్రమాలు ప్రధానంగా తీవ్రమైన వ్యాధులనే చూశాయి. బడిలోని పిల్లవాడి దిగులు వాటి పరిధిలోకి అంతగా రాలేదు. పదకొండో ప్రణాళిక కాలంలో పాఠశాల, కళాశాల కౌన్సెలింగ్‌ను చేర్చారు. 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మానసిక ఆరోగ్యాన్ని తన ఆరు ప్రధానాంశాల్లో ఒకటిగా పెట్టుకుంది. మంచిదే. అయితే ఇప్పుడు ఒకే విద్యార్థి విద్యాశాఖకూ, వైద్యశాఖకూ మధ్య నిలిచాడు. ఇద్దరికీ చెందినవాడు ఒక్కోసారి ఎవరికీ చెందకుండా పోతాడు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ కథలో పెద్ద మలుపు. ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుడి హక్కు అని అది ప్రకటించింది. మైనర్లను పెద్దవారితో కలిపి ఉంచరాదని చెప్పింది. 2022లో టెలిమానస్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడవచ్చు. మీలో ఎవరికైనా, మీ స్నేహితులకైనా మనసు బరువెక్కినప్పుడు ఈ సంఖ్య గుర్తుంచుకోండి.

ముగింపు

మేజిస్ట్రేటు నుంచి హక్కు దాకా ఈ ప్రయాణానికి నూట అరవై ఏళ్లు పట్టింది. 2016లో మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయింది. జిల్లా గీతలు మారినా ప్రశ్న మారలేదు. చట్టం హక్కును రాస్తుంది. దాన్ని ఊరి గడప దాకా చేర్చేది నిధులు, సిబ్బంది, అడిగే పౌరులు.

ఆలోచించండి: మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మానసిక సమస్యకు సలహా ఇచ్చేవారు ఎవరు? లేకపోతే ఎవరిని అడగాలి? మీ తరగతిలో చర్చించండి.