పాతబడిన మాసెరాటి 3500 జీటీ కొనుగోలు

మాసెరాటి 3500 జీటీ ఇటలీలోని మొడెనా నగరంలో 1957 నుంచి 1964 దాకా తయారైన గ్రాండ్ టూరింగ్ కారు. కూపే, ఓపెన్ కార్లు కలిపి సుమారు 2,200 తయారయ్యాయి. అరవయ్యేళ్లు దాటిన ఈ కార్లు ఏ లోపమూ లేకుండా అమ్మకానికి రావడం అరుదు. కొనేవారు తేల్చుకోవాల్సింది ఆ లోపం ఎలాంటిదన్నదే. అరిగిపోయిన కారు వేరు, భాగాలు పోగొట్టుకున్న కారు వేరు.

అప్పటిదాకా మాసెరాటి ముఖ్యంగా రేసు కార్ల సంస్థ. 1957లో హువాన్ మాన్యుయెల్ ఫాంజియో మాసెరాటి 250ఎఫ్ నడిపి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది చివరికి సంస్థ ఆర్థికంగా కుంగి, ఫ్యాక్టరీ జట్టును రేసుల నుంచి తప్పించింది. రేసుల్లో పుట్టిన ఆరు సిలిండర్ల ఇంజన్‌ను ఇంజనీర్ జూలియో ఆల్ఫియేరి రోడ్డుకు తగ్గట్టు మలిచాడు. 3,485 సీసీ, సిలిండర్‌కు రెండేసి చొప్పున 12 స్పార్క్ ప్లగ్‌లు, సుమారు 220 హార్స్ పవర్. సంస్థను నిలబెట్టింది ఈ కారే.

కూపే బాడీ మిలాన్‌లోని టూరింగ్ సంస్థ పని. సన్నని ఉక్కు గొట్టాలతో పంజరం అల్లి, దాని మీద చేత్తో సాగగొట్టిన అల్యూమినియం రేకు తొడిగేవారు. ఈ పద్ధతి పేరు సూపర్‌లెజ్జేరా, అంటే అతి తేలిక. కారు అందం, దాని జబ్బు రెండూ ఇందులోనే ఉన్నాయి. ఉక్కు, అల్యూమినియం ఆనుకున్న చోట తడి చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది, లోపలి గొట్టం తుప్పు పడుతుంది. చక్రాల పైకమానులు, తలుపుల అడుగు అంచులు, గుమ్మాల కింది భాగం ముందుగా దెబ్బతింటాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది.

అయస్కాంతం పెట్టి పుట్టీని పసిగట్టే పాత కిటుకు ఈ కూపే మీద పనిచేయదు, అల్యూమినియానికి అది ఎలాగూ అంటుకోదు. బయటి రేకుకు ఎక్కడైనా అంటుకుందంటే అక్కడ ఎవరో ఇనుప రేకు వేశారన్నమాట. కారును లిఫ్ట్ మీద ఎక్కించి కింది నుంచి చూడటమే నమ్మదగిన దారి. అందుకే కొత్తగా రంగు వేసిన కారు కంటే, రంగు వెలిసి దాపరికం లేకుండా కనిపించే కారే మంచి బేరం. ట్యూరిన్‌లోని విన్యాలే సంస్థ చేసిన ఓపెన్ కారు బాడీ ప్రధానంగా ఉక్కుది, దానికి తుప్పు పరీక్షే ముఖ్యం.

మెకానికల్ భాగాల్లో కొంత ఊరట ఉంది. జర్మనీ నుంచి జెడ్‌ఎఫ్ గేర్‌బాక్స్, ఇంగ్లండ్ నుంచి గర్లింగ్ బ్రేకులు, సాలిస్‌బరీ వెనక యాక్సిల్ తెప్పించి బిగించారు కాబట్టి వాటిని బాగుచేయగలవారు మాసెరాటి లోకం బయట కూడా దొరుకుతారు. దొరకనివి చిన్నవి: దీపాల చుట్టూ ఉండే చట్రాలు, క్రోమ్ పట్టీలు, మీటర్లు. బాడీలు చేత్తో చేసినవి కావడంతో ఒక కారు పట్టీ ఇంకో కారుకు అచ్చంగా అమరకపోవచ్చు. చిరిగిన తోలు సీటును కుట్టించుకోవచ్చు. లేని భాగాన్ని వెతకడానికి మాత్రం ఏళ్లు పట్టొచ్చు.

1961లో వచ్చిన జీటీఐ రకానికి లూకాస్ మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండేది. దాన్ని సరిచేయడం చాలామంది మెకానిక్‌లకు చేతకాలేదు. విసిగిన యజమానులు దాన్ని విప్పించి వెబర్ కార్బ్యురేటర్లు పెట్టించుకున్నారు. కారు హాయిగా నడిచింది. అయితే కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలని కోరుకునేవారు ఇప్పుడు ఆ భాగాలనే వెతుకుతున్నారు. విప్పిన సామానును ఏదో పెట్టెలో దాచి, కారుతో పాటు ఇస్తున్న యజమాని దొరికితే అది అదృష్టమే.

చాసిస్ నంబరు ఏఎం101తో మొదలవుతుంది. ఇంజన్ మీద కూడా అదే నంబరు ఉండాలి. తేడా ఉంటే ఇంజన్ మారిందని అర్థం. నడపడానికి అది అడ్డు కాదు గానీ ధర అడిగేటప్పుడు తప్పక లెక్కలోకి వస్తుంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా పూర్తిగా కొత్తగా మార్చడం కంటే ఉన్నదాన్ని కాపాడుకోవడానికే పెద్దపీట వేసింది. ఆ దృష్టి సరైనదే. ఒకసారి గీకేసిన ఫ్యాక్టరీ రంగును మళ్లీ తేలేం.

ఏళ్ల తరబడి కదలని కారును చూడబోయినప్పుడు అమ్మేవారు స్టార్ట్ చేసి చూపిస్తామంటే వద్దని ఆపాలి. పన్నెండు ప్లగ్‌లూ తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, నానిన తర్వాత ఇంజన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. అల్యూమినియం ఇంజన్ కాబట్టి రేడియేటర్ నీళ్లు కూడా గమనించాలి. అవి తుప్పు రంగులోనో బురదగానో ఉంటే లోపలి నీటి దారులు తినుకుపోయి ఉండవచ్చు. ఇంజన్ విప్పించే ఖర్చును అప్పుడే ధరలోంచి తగ్గించమని అడగాలి.